మామగారి జపనీస్

మా ఆయన కున్‌షన్ మిషన్లు బాగుచేసే పని మీద జపాన్ వెళ్ళి, సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో కొన్నాళ్ళుండి వచ్చాడు. వచ్చాక చెప్పిన సంగతి ఒక్కటే. ఆ జిల్లా మొత్తం మీద పొద్దున్నే సోయా పాలు అమ్మే కొట్టు లేదు. తైవాన్‌లో మా ఊరు చియాయిలో అయితే వీధికి రెండు.

"మనం వెళ్ళి పెడదాం" అన్నాడు.

"ఎందుకు లేదో కనుక్కున్నావా?" అన్నాను.

"లేదు కాబట్టే కదా పెట్టేది" అన్నాడు.

అప్పటికి మా అమ్మాయి యారూకి ఏడేళ్ళు, అబ్బాయి హావ్‌కి మూడు. మా ఇద్దరికీ జపనీస్ ముక్క రాదు. వచ్చింది మా మామగారికి. తైవాన్ జపాను వాళ్ళ చేతిలో ఉన్న రోజుల్లో ఆయన వాళ్ళ బళ్ళో చదివారు. ఆయనకి పదిహేనో ఏడు నడుస్తుండగా యుద్ధం ముగిసింది, వాళ్ళు వెళ్ళిపోయారు, ఆ భాషతో ఎవరికీ పని లేకపోయింది. నేను కోడలిగా వచ్చాక ఆయన నోట ఆ భాష ఒక్క మాట వినలేదు. కున్‌షన్ అడిగితే, "ఉపన్యాసంలో నాకు మొదటి బహుమతి వచ్చింది" అన్నారు. ఎప్పుడని మేం అడగలేదు.

అలా ఐదుగురం వెళ్ళాం. మాకు అద్దెకు దొరికింది ఒకప్పటి మంగలి షాపు. వెనక వాటాలో ఇంటావిడ ఒగాతా గారు ఒక్కతే ఉంటుంది, ఎనభై దాటిన మనిషి. షాపులో మూడు క్షవరం కుర్చీలు నేలకి బిగించి ఉన్నాయి. వాటిని తీయకూడదంది, వాళ్ళాయన బిగించినవట. సరే, మా కొట్టుకి వచ్చేవాళ్ళు వాటిల్లోనే కూర్చుంటారు అనుకున్నాం.

మర్నాడు మామగారితో కూరగాయల కొట్టుకి వెళ్ళాను. ఆయన నోరు తెరవగానే కొట్టువాడు చేతిలో పని వదిలేసి నిటారుగా నిలబడ్డాడు. వెనకున్న ముసలాయన టోపీ తీశాడు. మామగారు చెప్పాల్సింది చెప్పి ఊరుకున్నారు. కొట్టువాడు లోపలికి పరిగెత్తాడు.

"చూశావా అమ్మాయ్, ఇక్కడ మర్యాద ఇంకా బతికే ఉంది" అన్నారు మామగారు.

ఆయన అడిగింది ఉల్లికాడలు.

కొట్టు తెల్లవారుజామున ఐదింటికి తెరిచేవాళ్ళం. సోయా పాలు, గుడ్డు కొట్టిన అట్లు, పిండి పొడుగ్గా సాగదీసి నూనెలో వేయించిన యూత్యావ్ కాడలు. ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. ఆ ఊళ్ళో పొద్దున పూట తిండి ఎవరింట్లో వాళ్ళే తింటారని మాకు మొదటి వారంలోనే అర్థమైంది. కున్‌షన్‌కి మాత్రం అర్థం కాలేదు. రోజూ అంతే పిండి కలిపేవాడు, అన్నే కాడలు వేయించేవాడు. మూడు పూటలా అవే తిన్నాం. హావ్ ప్లేటు తోసేసి అన్నం కావాలని ఏడ్చాడు. వాడు పుట్టాక మొదటిసారి అన్నం కావాలన్నాడు.

మామగారు ఆ ఖాళీ సమయాన్ని యారూ మీద పెట్టారు. దాన్ని ఒక క్షవరం కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి జపనీస్ నేర్పేవారు. పిల్ల చురుకైనది. బడి తెరిచేసరికి గడగడా మాట్లాడేస్తోంది. మాకు బరువు దిగినట్టయింది.

కొద్ది వారాలకే యారూ మాట్లాడటం మానేసింది. బళ్ళోనే కాదు, ఇంట్లో కూడా. అన్నం కావాలంటే గిన్నె చూపించేది.

ఒక మధ్యాహ్నం వాళ్ళ టీచరు కనెమిత్సు గారు వచ్చింది. చిన్నమ్మాయి, పాతికేళ్ళుంటాయేమో. సోయా పాలు ఇచ్చి కూర్చోబెట్టాం. ఆమె చెప్పటం, మామగారు మాకు తిప్పి చెప్పటం.

"పాప చాలా తెలివైనదట" అన్నారు మామగారు.

"మంచిదే కదా" అన్నాడు కున్‌షన్.

"నోరు తెరిస్తే క్లాసంతా నవ్వుతోందట. మొన్నెవడో దీని రబ్బరు తీసుకుంటే లేచి నిలబడి ఏదో అందట."

"ఏమంది?"

టీచరు ఆ మాటలు చెప్పింది. మామగారు గొంతు సవరించుకున్నారు.

"ఓ సహాధ్యాయీ! నా రబ్బరును తక్షణమే నాకు సమర్పింపుము. లేనిచో సంభవించు ఘోర పరిణామములకు నీవే బాధ్యుడవగుదువు."

కున్‌షన్‌కి నవ్వొచ్చింది. వాళ్ళ నాన్న మొహం చూసి దాన్ని మింగేశాడు.

"అందులో తప్పేం లేదట" అని మామగారే అందుకున్నారు. "యాభై ఏళ్ళ కిందటైతే ఒక్క తప్పు కూడా లేదట. ఇప్పుడెవరూ అలా మాట్లాడరట. బడిపిల్ల నోట వింటే, పాతకాలం హెడ్మాస్టరు లేచొచ్చినట్టుందట."

టీచరు ఇంకేదో అడిగింది. మామగారు ఒక్క ముక్కలో జవాబిచ్చారు. ఆ అమ్మాయి మొహం ఎర్రబడింది. లేచి వంగి వంగి దండాలు పెట్టింది.

"ఏమడిగింది మామయ్యా?" అన్నాను.

"ఎవరు నేర్పారని."

"మీరేమన్నారు?"

"నేనే అన్నాను."

టీచరు నిలబడే గ్లాసు ఖాళీ చేసి, వెళ్తూ ఒక మాట అంది. "పాలు బాగున్నాయట" అన్నారు మామగారు. ఆ తర్వాత ఆయన కూడా జపనీస్ మానేశారు.

ఇంట్లో జపనీస్ వచ్చిన ఇద్దరూ నోరు కట్టేసుకున్నారు. కున్‌షన్ కూరగాయల కొట్టుకి వెళ్ళి ఉల్లికాడలు అడగబోయి ముల్లంగి తెచ్చాడు. మామగారు మేడ మెట్ల మీద కూర్చుని గోడ చూసేవారు. "ఏం ఫరవాలేదు నాన్నా" అని కున్‌షన్ అంటే, "నీ కాడలు మాడుతున్నాయి చూసుకో" అనేవారు. నిజంగానే మాడేవి.

అలా ఉండగా ఒకరోజు, ఇంకా చీకటి విడవకముందే, ఒగాతా గారు వెనక తలుపు తోసుకుని వచ్చింది. వచ్చి నడిమి కుర్చీలో కూర్చుంది. మామగారిని వేలు పెట్టి చూపించి చడామడా ఏదో అంది. ఆయన తల దించుకున్నారు. ఆవిడ ఇంకా గట్టిగా అంది. ఆ మాటలేమిటో తర్వాత ఆయనే నాకు చెప్పారు.

"ఏమయ్యా, రోజూ కిటికీలోంచి నాకు నమస్కారం చెప్పేవాడివి, నోరు పడిపోయిందా? నువ్వు మాట్లాడితే అచ్చం మా హెడ్మాస్టరు మాట్లాడినట్టే ఉంటుంది. ఆ ముండాకొడుకంటే నాకు ఒళ్ళుమంట. అయినా అప్పుడు నాకు పదేళ్ళు. ఇప్పటివాళ్ళు మాట్లాడేది నాకు సగం తెలిసి చావదు. నువ్వు మాట్లాడు!"

మామగారు లేచి నిలబడ్డారు. చేతులు వెనక్కి కట్టుకున్నారు. ఏదో అన్నారు.

ఈ గోలకి నిద్ర లేచి దిగుతున్న యారూ మెట్ల మీదే ఆగిపోయింది.

"తాతా, అలా కాదు" అంది.

ఇన్నాళ్ళకి దాని గొంతు విన్నాం. నా చేతిలో గరిటె నూనెలో పడిపోయింది.

"'ఏమి సేవింతురు' అనకూడదు. 'ఏం తాగుతారు' అనాలి."

"అది పొగరు" అన్నారు మామగారు.

"కాదు తాతా, అందరూ అలాగే అంటారు."

ఏమిటి గొడవ అన్నట్టు ఒగాతా గారు ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. యారూ ఆవిడకి చెప్పింది. ఆవిడ కుర్చీ చెయ్యి మీద కొట్టి మరీ నవ్వింది. తర్వాత గిన్నెడు వేడి పాలలో కాడ ముంచుకుని, పళ్ళు లేని నోటితో మొత్తం తినేసింది.

మర్నాడు ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకొచ్చింది. ఊరంతా ముసలివాళ్ళే. తెల్లవారుజామునే మెలకువ వచ్చేస్తుంది, చేయడానికేం ఉండదు. ఐదింటికి దీపం వెలిగేది మా కొట్టులోనే. చలికాలం వచ్చేసరికి బయట కూడా బల్ల వేయాల్సి వచ్చింది. వాళ్ళు మామగారితో పాత మాటల్లో దెబ్బలాడేవాళ్ళు, పాత అక్షరాలు వేలితో బల్ల మీద రాసి, ఎవరు రాసింది సరైనదో పందేలు కట్టేవాళ్ళు. యారూ బడికి వెళ్ళేముందు అందరి తప్పులూ దిద్దేది. కున్‌షన్‌కి ఒకటే బాధ. "ఒక్క గిన్నెతో మధ్యాహ్నం దాకా కూర్చుంటారేంటి?" అనేవాడు. అడగమంటే, ఎలా అడగాలో తనకి తెలీదనేవాడు.

ఒగాతా గారు రెండో ఏడు మంచు పడే రోజుల్లో నిద్రలోనే పోయింది. కొడుకు ఒసాకా నుంచి వచ్చాడు, అరవై ఏళ్ళాయన. అంత్యక్రియల్లో వీడ్కోలు మాటలు మామగారే చెప్పాలన్నాడు. "అమ్మ చెప్పిపెట్టింది. మీలాగా మాట్లాడేవాళ్ళు ఈ ఊళ్ళో ఇంకెవరూ లేరంది."

మామగారు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఆ రోజు నల్లకోటు వేసుకుని, ఆవిడ ఫొటో ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. ఏ కాగితమూ చూడకుండా మాట్లాడారు. ఎవరూ నవ్వలేదు. కనెమిత్సు టీచరు వెనక వరసలో నిలబడి కళ్ళు తుడుచుకుంది.

బయటికొచ్చాక యారూని అడిగాను. "తాత ఏం చెప్పారే?"

"సగం అర్థం కాలేదమ్మా" అంది. "కానీ తప్పులు లేవు."

హావ్ అప్పటికే వాళ్ళ నాన్న భుజం మీద నిద్రపోయాడు. దారి పొడుగునా మంచు కురుస్తూనే ఉంది. ఇంటి దగ్గరికి వచ్చాక, రేపటికి సోయా గింజలు నానబెట్టాలి అని కున్‌షన్ గుర్తు చేశాడు.

"రేపు ఆరింటికి తెరుద్దాం" అన్నారు మామగారు. "రోజూ వచ్చేవాళ్ళు కూడా అలిసిపోయి ఉంటారు."