ఆయన అనని మాటలు

లిఫ్టు మెకానిక్కు పక్షవాతం వచ్చి నాలుగేళ్లయింది. మెడ కింద ఏదీ కదలదు, నోట మాట రాదు, కళ్లు మాత్రం పనిచేస్తాయి. అయినా ఈ నాలుగేళ్లూ ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు, భార్య నోటితో.

ఆవిడ ఇంట్లోనే కర్టెన్లు కుడుతుంది. కుట్టుమిషను ఆయన మంచం పక్కకే జరుపుకుంది. మొదట్లో అంతా పద్ధతిగానే ఉండేది. ఆవిడ ప్రశ్న అడిగేది, ఆయన ఒకసారి రెప్ప వేస్తే అవును, రెండుసార్లు వేస్తే కాదు. పోనుపోను రెప్ప కోసం ఆగే ఓపిక తగ్గింది. ఇన్నేళ్లు కాపురం చేశాను, ఈయన మనసులో ఏముందో నాకు తెలీదా అనుకుంది. రెప్ప అన్నాక ఊరికే కూడా పడుతుంది. అది పడినప్పుడల్లా ఈవిడకో మాట దొరికేది. చూడ్డానికి ఎవరొచ్చినా, "మీ అబ్బాయి పరీక్షలెలా రాశాడని అడుగుతున్నారు," "ఎండన పడి వచ్చారు, ముందు మంచినీళ్లివ్వమంటున్నారు" అని చెప్పేది. ఒంట్లో బాగున్న రోజుల్లో ఆయన ఎవరి పిల్లల గురించీ అడిగిన పాపాన పోలేదు. నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉండేవాడు. మంచాన పడ్డాక మాత్రం మహా మర్యాదస్తుడైపోయాడు.

ఆ మర్యాద అందరికంటే ఎక్కువగా అందుకున్నది ఆయన చెల్లెలు. ఇంటికి ఆఖరి పిల్ల కాబట్టి జుట్టు నెరుస్తున్నా ఆమె ఇంకా పాపాయే. అన్నాచెల్లెళ్ల మధ్య తల్లి చావు తాలూకు పగ ఉంది. ముసలావిడ పాపాయి ఇంట్లో ఆఖరి ఘడియల్లో ఉండి కొడుకు కోసం కలవరించింది. అంతకు ముందే ఏదో మాటా మాటా అనుకుని ఉన్నారు, ఆ పంతం మీద పాపాయి అన్నకి ఫోన్ చెయ్యలేదు. చేసేసరికి అంతా అయిపోయింది. ఆయన వచ్చి, తల్లి మొహం చూసి, చెల్లెలి మొహం చూడకుండా వెళ్లిపోయాడు. మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు, ఆమెను తన గుమ్మం తొక్కనివ్వలేదు.

ఆయన ఆసుపత్రిలో పడ్డాక పాపాయి పరిగెత్తుకొచ్చి మంచం కోళ్లు పట్టుకుని ఏడ్చింది. అన్న కంటి చివర నుంచి నీళ్లు కారుతున్నాయి. "చూడు పాపాయీ, నిన్ను క్షమించేశారు. అందుకే ఆ కన్నీళ్లు" అంది భార్య. నర్సు కంట్లో మందు చుక్కలు వేసి అప్పుడే బయటికి వెళ్లింది. ఆ సంగతి భార్య చెప్పలేదు. చెప్పకపోవడం అబద్ధమాడటం కాదని సర్దుకుంది.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం పొద్దున్నే పాపాయి వస్తుంది. ఆయనకి ఒళ్లంతా కడిగి స్నానం చేయించేది ఆ ఒక్క రోజే, ఎందుకంటే మనిషిని పక్కకి తిప్పి ఎత్తాలంటే రెండో మనిషి కావాలి. ఇంట్లో ఉన్నది మొగుడూ పెళ్లాం ఇద్దరే, పిల్లల్లేరు. పాపాయి భుజాలు పట్టుకుంటే భార్య నడుం పట్టుకునేది. "అన్నయ్యేమంటున్నాడు వదినా?" అని ఆమె అడిగేది. "నీ చెయ్యి తగిలితే అమ్మ చెయ్యి తగిలినట్టుందట" అని ఈవిడ చెప్పేది. పాపాయి కళ్లు తుడుచుకుని, వారమంతా అదే మాట నెమరేసుకుంటూ బతికేది.

ఇలా ఉండగా ఆసుపత్రి నుంచి మెషిన్ వచ్చింది. తెచ్చినమ్మాయి మాట పడిపోయినవాళ్లకి వైద్యం చేస్తుంది. భార్యకి ఆ ఉద్యోగం పేరు నోరు తిరగక, మాటల డాక్టరమ్మ అని పేరు పెట్టుకుంది. ఆ డాక్టరమ్మ మంచానికి ఒక రాడ్డు బిగించి, దాని చివర పలక లాంటి తెరను ఆయన మొహానికి ఎదురుగా నిలబెట్టింది.

"ఇది ఏఐ ఆంటీ. సార్ ఏ అక్షరం వైపు చూస్తున్నారో దీని కెమెరా కనిపెడుతుంది. ఒకటి రెండు అక్షరాలు చూస్తే చాలు, మిగతా మాట అదే ఊహించి పైన చూపిస్తుంది. సార్ దాని మీద చూపు ఆపితే పైకి చదివేస్తుంది. అదీ సార్ గొంతుతోనే."

గొంతు ఎక్కడ దొరికిందంటే, పాత వీడియోల్లో. లిఫ్టులో గెంతుతున్న పిల్లల్ని ఆయన కేకలేస్తుంటే ఎవరో సరదాకి తీసినవి. వాటిలోంచి ఆ గొంతు మొత్తాన్ని అల్లేసింది మెషిన్.

మొదటి మాట వినడానికి భార్య చీర సర్దుకుని మరీ కూర్చుంది. తన పేరు పిలుస్తాడనుకుంది. ఆయన కళ్లు తెర మీద తడబడి, తడబడి, నిలిచాయి. "కుడి చెవి. నొప్పి" అంది ఆయన గొంతు.

డాక్టరు వచ్చి చూస్తే చెవి లోపల చీము. ఎన్ని నెలలుగా ఉందోనన్నాడు. పాటలంటే ఆయనకి ప్రాణమని వచ్చినవాళ్లందరికీ చెప్తూ, ఆవిడ రోజూ రేడియో పెట్టేది సరిగ్గా ఆ చెవి పక్కనే. రేడియో తీసి బీరువా మీద బోర్లించింది. సిగ్గుతో చచ్చిపోయింది.

మందులకి నొప్పి తగ్గింది. నిజం చెప్పాలంటే మెషిన్ వచ్చాక ఇల్లు తేలికపడింది. ఫ్యాను ఆయనే వేసుకుంటాడు, ఆయనే ఆపుకుంటాడు, లైటూ అంతే. ఆవిడ ఎవరింటికో కిటికీల కొలతలకి వెళ్తే, అవసరమైనప్పుడు చూపుతోనే ఆవిడ ఫోన్ మోగిస్తాడు. కానీ ఆ గొంతు అనేదల్లా నీళ్లు, కాలు, దుప్పటి. అంతకు మించి ఒక్క మాట లేదు. ఆదివారం దగ్గరపడేకొద్దీ, పాపాయి ముందు ఆ గొంతు ఏమంటుందోనని ఆవిడకి భయం పట్టుకుంది. స్నానం వంకతో తెరని పక్కకి తిప్పేద్దామనుకుంది.

పాపాయి ఆ అవకాశమే ఇవ్వలేదు. వస్తూనే తెర ముందు కూర్చుంది. "ఉండొదినా, స్నానం తర్వాత. అన్నయ్య గొంతు నా చెవులారా వినాలి. అన్నయ్యా, నాతో ఏదైనా అనరా."

ఆయన చెల్లెలి వైపు చాలాసేపు చూశాడు. తర్వాత తెర వైపు చూపు తిప్పాడు. 'క్ష' దగ్గర చూపు ఆగింది. వెంటనే మెషిన్ పైన మూడు మాటలు పరిచింది. మొట్టమొదట ఉన్నది 'క్షమించాను'. భార్య ముందుకి వంగింది. దాని మీదే ఆగండి, మీకు దండం పెడతాను, ఇంకెక్కడికీ వెళ్లకండి అని మనసులోనే మొత్తుకుంది. నాలుగేళ్లుగా తను అన్న మాటే, అచ్చంగా తన మాటే, మెషిన్ వెతికి తెచ్చి పళ్లెంలో పెట్టింది. ఆయన చూపు దాన్ని దాటి కిందకి దిగింది. ఒక్కొక్క అక్షరమే ఏరుకుంటూ, చెమట పట్టేదాకా కష్టపడి పూర్తి చేశాడు.

"క్షమించలేదు" అంది ఆయన గొంతు, గెంతే పిల్లల్ని కసురుకున్నట్టే.

పాపాయి నవ్వబోయింది. "మెషినేదో తప్పు చదివినట్టుందొదినా."

ఆయన మళ్లీ మొదలెట్టాడు. "నేను ఎప్పుడూ అనలేదు. మీ వదినే అంది."

పాపాయి లేచి బకెట్ తెచ్చింది, చేతులు పైకి మడుచుకుంది. మొదలెట్టిన పని వదిలేసే మనిషి కాదు. భుజాలు పట్టుకుని అన్నని తిప్పింది, వీపు రుద్దింది, వేళ్ల సందులు తుడిచింది, చెవిలోకి నీళ్లు పోకుండా దూది పెట్టింది. అన్నీ అయ్యాక గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ అడిగింది.

"ఒక్క మాటైనా నిజముందా వదినా? ఆ అమ్మ చెయ్యన్న మాట?"

ఉందని చెప్పడానికి నాలుక చివరిదాకా వచ్చింది. "ఆయనకి చెవి నొప్పని కూడా నాకు తెలీలేదు పాపాయీ" అంది భార్య.

తలుపేసి వచ్చి మొగుడి మీద విరుచుకుపడింది. "ఆ ఒక్క మాట మింగేస్తే మీ సొమ్మేం పోయింది? రోజంతా గొడ్డులా చాకిరీ చేస్తున్నాను. నలుగురి ముందు మిమ్మల్ని మంచివాణ్ణి చెయ్యడానికి నా నోరంతా మీకే అరిగిపోయింది. ఆ పిల్ల నెత్తిన బండ వేశారు, ఇప్పుడు తృప్తిగా ఉందా?"

ఆయన కళ్లు కదిలాయి. "నువ్వు చెప్పినాయన మంచోడు. నేను కాదు."

కోపమంతా నీరుగారిపోయింది ఆవిడకి. మంచం అంచున కూలబడింది. "మరి నేనో? నా గురించి ఒక్క మాట లేదా మీ దగ్గర?"

మెషిన్ తనకు తోచిన నాలుగు మంచి మాటలు పైన వరసగా పెట్టింది. ఆయన వాటన్నిటినీ దాటేశాడు.

"అలిసిపోయాను" అన్నాడు. తనని చూసి అలిసిపోయాడో, బతికి అలిసిపోయాడో ఆవిడకి అడిగే ధైర్యం లేకపోయింది.

ఆ తర్వాతి ఆదివారం పాపాయి రాలేదు. ఎండ గదిలోకి వచ్చేదాకా చూసి ఆవిడే ఫోన్ చేసింది. పాపాయి ఎత్తింది.

"నీళ్లు కాచి పెట్టాను పాపాయీ. నువ్వింకా రాలేదేమని మీ అన్నయ్య అడుగుతున్నారు." అలవాటైన నోరు, ఆపేలోపే అనేసింది.

"ఆ మాట ఆయన్నే అనమనొదినా" అంది పాపాయి. గొంతులో కోపం లేదు. "అంటే ఇప్పుడే ఆటో ఎక్కుతాను."

ఆవిడ ఫోన్ తీసుకెళ్లి తెర పక్కన పట్టుకుంది. "ఏమండీ, అంతా విన్నారుగా. రమ్మనండి. క్షమించొద్దు, ఊరికే రమ్మనండి. రెండక్షరాలు చూస్తే చాలు, మిగతాది అదే రాసుకుంటుంది." ఆయన ఆవిడని చూశాడు, ఫోన్ చూశాడు, తర్వాత కళ్లు మూసుకున్నాడు. అవతల పాపాయి ఎదురుచూస్తున్న ఊపిరి వినిపిస్తూనే ఉంది. నాలుగేళ్లలో ఎప్పుడూ తడుముకోని మనిషి, ఈ మౌనానికి ఏ అర్థం చెప్పాలో తోచక నోరు తెరిచి అలాగే నిలబడింది. కాసేపటికి పాపాయి ఫోన్ పెట్టేసింది.

బకెట్ తెచ్చి మంచం పక్కన పెట్టింది. ఆయన భుజం కింద చెయ్యి పెట్టి లాగింది. మనిషి కదల్లేదు. నడుం దగ్గర పట్టి చూసింది, దుప్పటి మాత్రం చేతిలోకి వచ్చింది. ఆయన కళ్లు తెరిచి తెర వైపు చూశాడు, ఫ్యాను నెమ్మదించి ఆగింది. తడి ఒంటికి గాలి తగలకుండా స్నానానికి ముందు ఎప్పుడూ ఆవిడ చేసే పని, ఇప్పుడు ఆయనే చూపుతో చేసుకున్నాడు. మెషిన్ చెప్పింది చెప్పినట్టు చేసింది. గదిలో గాలి లేదు, ఆయన సిద్ధంగా ఉన్నాడు. రెండో వైపు పట్టుకోవడానికి మాత్రం ఎవరూ లేరు.