దివాకర్ కొన్న మౌంట్

దివాకర్ ఏ వస్తువు కొనాలన్నా ముందు ఎక్సెల్ షీట్ తెరుస్తాడు. రైస్ కుక్కర్‌కి పదహారు వరుసలు, కారు టైర్లకి ముప్ఫై. పెళ్లాం తుపాకీకి స్కోప్ మౌంట్ కొనాల్సి వచ్చేసరికి నలభై రెండు వరుసలయ్యాయి. మహానుభావుడు జన్మలో ఒక్క తూటా పేల్చి ఎరగడు.

తుపాకీ ఉమది, వేట సరదా కూడా ఉమదే. అమెరికాలో బెంటన్‌విల్‌కి వచ్చిన కొత్తలో ఆఫీసు స్నేహితురాలు రష్మి వెంట జింకల వేటకి వెళ్లి నేర్చుకుంది. కొలరాడో కొండల్లో ఎల్క్‌ని, అంటే గుర్రమంత ఉండే దుప్పిని కొట్టాలంటే మాత్రం లాటరీలో పర్మిట్ తగలాలి. తొమ్మిదేళ్లు వరసగా దరఖాస్తు పెడితే ఈ ఏడు తగిలింది. వేటకి ఐదంటే ఐదు రోజులు. అది చేజారితే మళ్లీ మొదటినుంచి తొమ్మిదేళ్లు.

అంత జంతువు కోసం కొన్న మాగ్నమ్ తుపాకీ, పేలిన ప్రతిసారీ భుజాన్ని గాడిదలా తన్నుతుంది. ఆ తన్నుకి పైనున్న స్కోప్, అంటే గురి చూసే దుర్భిణి, కదలకుండా పట్టి ఉంచేదే మౌంట్. అది వెంట్రుకవాసి జరిగినా, రెండు వందల గజాల దూరంలో గుండు జానెడు పక్కకి పోతుంది.

"స్టీల్‌ది తీసుకుందాం. బరువైనా నేనేగా మోసేది" అంది ఉమ.

"ఎమోషనల్‌గా డిసైడ్ చేయకు ఉమా. ఇది చూడు. అల్యూమినియం, లైట్ వెయిట్, పన్నెండు వేల రివ్యూలు, ఫోర్ పాయింట్ ఎయిట్ రేటింగ్. పైగా ఇవాళ డీల్ ఉంది."

"ఆ రివ్యూలు రాసినవాళ్లు ఏ తుపాకీకి పెట్టుకున్నారట?"

"డేటా ఈజ్ డేటా."

వాళ్లలో సగం మంది ఖాళీ డబ్బాల్ని కొట్టే బుల్లి తుపాకుల వాళ్లేనని ఉమ చదివి వినిపించింది. అతను బుద్ధిగా విని, ఆ వరుసకి పసుపు రంగు పూసి, మర్నాడు అదే ఆర్డర్ చేశాడు. ఇంకోసారి వాదించే ఓపిక ఉమకి లేకపోయింది. ఆ ఇంట్లో సగం సామాను అలా వచ్చిందే.

బిగించడం కూడా తనే బిగించాడు. మరలు ఎంత బిగువుండాలో కొలిచే టార్క్ రెంచ్ కొందామంటే నవ్వాడు. బుక్‌షెల్ఫ్‌తో పాటు వచ్చిన ఎల్-కీ తీసి, నాలుగు తిప్పులు తిప్పి, "చేతికి తెలుస్తుంది" అన్నాడు. డేటా మనిషి!

శనివారం, గురి సాధన చేసే రేంజ్‌లో మొదటి మూడు గుండ్లు ఒక్కచోట పడ్డాయి. నాలుగోది ఎడమకి పోయింది. ఐదోది గురి అట్టనే తాకలేదు.

"మౌంట్ జారుతోంది" అంది ఉమ.

దివాకర్ వచ్చి స్కోప్‌ని రెండు వేళ్లతో ఊపి చూశాడు. "రాక్ సాలిడ్. నువ్వు ఫ్లించ్ అవుతున్నావ్. పేలకముందే భయపడి ఒళ్లు బిగబట్టేస్తున్నావన్నమాట. వీడియోలో చూశాలే."

పన్నెండు జింకల్ని కొట్టినదానికి, వీడియో చూసినవాడు చెప్తున్నాడు. ఉమకి ఒళ్లు మండిపోయింది.

మరుసటి వారమూ అదే తంతు. ఆ రాత్రే దివాకర్ ఫ్రెండ్స్ వాట్సాప్ గ్రూప్‌లో, ఆఫీసులో సిస్టమ్స్ ఆగిపోతే రాసే రిపోర్ట్ లాంటిదొకటి పెట్టాడు. ఇష్యూ: గుండ్లు చెదిరిపోవడం. హార్డ్‌వేర్: ఓకే. రూట్ కాజ్: యూజర్ ఎర్రర్. దానికి పద్దెనిమిది బొటనవేళ్లు! తలో వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లో పులిహోర వడ్డిస్తూ ఆ గ్రూప్‌లోని మనీషా, "ఏంటక్కా, తుపాకీ అంటే భయమేస్తోందంటగా?" అని నవ్వింది. ఉమ ప్లేటు పట్టుకుని అవతలికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత మూడు వారాలు రేంజ్‌లో దివాకర్ ఆమె వెనక కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆమె ట్రిగ్గర్ మీద వేలు పెట్టడం, వెనకనుంచి "రిలాక్స్, భయపడకు, భయపడకు" అని జపం మొదలవడం.

ఇద్దరూ వెళ్లాల్సిన కొలరాడో ప్రయాణం పది రోజుల్లోకి వచ్చాక, రేంజ్‌లో వేట పాఠాలు చెప్పే చక్రపాణి గారు ఇదంతా చూసి తుపాకీ అడిగి తీసుకున్నారు. డెబ్బై ఏళ్ల రిటైర్డ్ ఇంజనీర్. మూడు పేల్చారు. మూడూ మూడు దిక్కులకి పోయాయి.

"పెద్దాయన కదా, చెయ్యి వణికుంటుంది" అని దివాకర్ గొణిగాడు.

ఆయన పట్టించుకోలేదు. స్కోప్ గొట్టం మీద రింగుల పక్కన పడ్డ గీతలు వేలితో చూపించారు. "చూడమ్మా, దెబ్బదెబ్బకీ స్కోప్ ముందుకి జారింది. కింద రెండు మరలు వదులు. ఈ తుపాకీకి ఈ రేకుముక్క ఎవరు పెట్టారు?"

ఉమ మొగుడి వైపు చూసింది. "బ్యాచ్ డిఫెక్ట్ అయ్యుంటుంది" అన్నాడు దివాకర్. సారీ అనే మాట ఆ నోట్లోంచి రాదు.

మర్నాడు చక్రపాణి గారు తన దగ్గరున్న స్టీల్ మౌంట్ తెచ్చారు. మరలకున్న నూనె తుడిచి, రెంచ్‌తో కొలిచి బిగించారు. ఇరవై నిమిషాల పని. ఆయన పేల్చిన మూడు గుండ్లూ అరచేతిలో పట్టేంత దగ్గరగా పడ్డాయి. ఉమకి ప్రాణం లేచి వచ్చింది. తను కూర్చుని పేల్చింది. గుండు కిందకి కొట్టింది. ఇంకోటి పేల్చింది. అదీ కిందకే.

చక్రపాణి గారు తుపాకీ తీసుకుని, అటు తిరిగి తూటా పెట్టి ఇచ్చారు. ఉమ గురి చూసి నొక్కింది. టిక్కుమంది. ఆయన పెట్టింది ఖాళీ తూటా. పేలుడు లేదు, తన్ను లేదు. కానీ తుపాకీ మూతి బెత్తెడు కిందకి కుంగింది. ఉమ కళ్లు గట్టిగా మూసుకుపోయి ఉన్నాయి.

"ముందునుంచీ ఉందా అమ్మా ఇది?" అన్నారాయన మెల్లగా.

"లేదండీ" అంది ఉమ. తొమ్మిదేళ్లలో ఎప్పుడూ లేదు.

వెనక కుర్చీ కిర్రుమంది. "చూశావా? నేను ఫస్ట్ డేనే చెప్పానా లేదా?" అన్నాడు దివాకర్. ఆ గొంతులో ఎంత సంతోషమో!

ఉమ వెనక్కి తిరగలేదు. "చక్రపాణి గారూ, ఇంకోటి పెట్టండి. ఖాళీదో, నిండుదో నాకు చెప్పకండి" అంది. "దివాకర్, నువ్వెళ్లి కార్‌లో కూర్చో. కొలరాడోకి రష్మి వస్తుంది."