రేపటి పెట్టెలు

“ఉంచుదామా, ఇద్దామా, పడేద్దామా?”

తుప్పు పట్టిన తాళంచెవి ఒకటి వెలుతురుకేసి ఎత్తి పట్టుకుని సర్దుళ్ళావిడ మళ్ళీ అడిగింది. నేల మీద మోకాళ్ళూని కూర్చుంది. మోకాళ్ళ కింద పాత బొంతముక్కతో కుట్టిన మెత్త ఉంది. ఈపాటికి చుట్టూ మూడు కుప్పలు లేవాలి. లేచింది ఒకటే, ఉంచేవాటిది. మంచం మీద కూర్చున్న తాళాల తాత చెయ్యి చాపి ఆ తాళంచెవిని అందుకున్నాడు.

“ఇది ఏ తాళానిది, బాబాయ్ గారూ?”

“ఆ తాళం ఎప్పుడో పోయిందమ్మా. ఆ ఇల్లు కూడా పడగొట్టేశారు.”

“మరి పడేద్దామా?”

“ఇల్లు పోతే తాళంచెవి చేసిన పాపమేముంది?” అని ఆయన దాన్ని చొక్కా అంచుతో తుడిచి పక్కన పెట్టుకున్నాడు.

ఆయన బతుకంతా ఊళ్ళోవాళ్ళ తాళాలు బాగుచేశాడు. భార్య పోయాక కూతురు తన ఇంటికి తీసుకెళ్తోంది. అక్కడ ఆయనకిచ్చేది ఒక చిన్న గది. ఈ ఇంట్లో ఉన్నదంతా ఆ గదిలో పట్టదు కాబట్టి కూతురు సర్దుళ్ళావిడను పిలిపించింది. ఊళ్ళో ఆమెను అలాగే అంటారు. ఎవరైనా పోయాకో, కాపురాలు విడిపోయాకో, ఇల్లు ఊపిరాడనంతగా నిండిపోయాకో ఆమెకు కబురొస్తుంది. ఆమె చేతిసంచిలో టేపు, కత్తెర, నల్ల మార్కరు, మెత్త ఉంటాయి. ఓపిక మాత్రం సంచిలో పట్టేది కాదు. ఒక విరిగిన దువ్వెన ముందు కూర్చుని ఒక మనిషి గంటసేపు ఏడిస్తే, ఆ గంటసేపూ దువ్వెన పట్టుకుని కూర్చోగలదు.

ఆమెకొక పద్ధతి ఉంది. ఒకరి వస్తువు గురించి తాను తీర్పు చెప్పదు. సొంతదారు నోటితో అంటేనే పడేస్తుంది. కొత్తలో ఒక తల్లి “పడేయండి” అంటే చిన్న చెప్పుల జత ఒకటి పడేసింది. మర్నాడు పొద్దున ఆ తల్లి చెత్తబండి వెంట వీధి చివరిదాకా పరుగెత్తింది. బండి ఆగలేదు. ఆ పరుగు చూసిన దగ్గర్నుంచి సర్దుళ్ళావిడ నాలుగో కుప్ప మొదలుపెట్టింది. ఎటూ తేల్చుకోలేని వాటిని ఒక అట్టపెట్టెలో పెట్టించి, వాళ్ళ చేతే టేపు వేయించి, పైన ‘రేపు’ అని రాసి తన ఇంటికి పట్టుకెళ్తుంది. మనసు కుదుటపడ్డాక వచ్చి చెప్పమంటుంది. అంతవరకూ పెట్టె విప్పదు. అదీ మాట.

మాట మంచిదే. మనుషులే రారు.

ఆ పెట్టెలన్నీ మేడ మీద ఆమె ఇంటి ముందుగదిలో ఉన్నాయి. ఆ ఇంటికున్నవి రెండే గదులు, వీధి వైపు కిటికీ ఒక్కటే. ఒకప్పుడు ఆమె అక్క ఆ కిటికీ ముందు కూర్చునే మిషను కుట్టింది. అమ్మానాన్నలు పోయాక చెల్లెల్ని పెంచిందీ, చదివించిందీ ఆ మిషనే. అక్కకు చూపు తగ్గి మిషను అమ్మేశాక గది బోసిపోయింది. మొదటి పెట్టె వచ్చిన రోజున, “ఒక్కటేగా చిన్నీ, ఉండనీ. పాపం, ఎవరిదో” అన్నది కూడా అక్కే. ఆ ఒక్కటీ పిల్లల్ని పెట్టినట్టు పెరిగింది. పెట్టె మీద పెట్టె, వరస వెనక వరస చేరి కిటికీని మింగేశాయి. ఇప్పుడు అక్కకు గుండె బలహీనం. కాళ్ళు నీరుపట్టి ఉబ్బాయి. మెట్లు దిగకూడదు. పగలు కూడా లైటు వేసుకుని లోపలి గదిలో పడుకుంటుంది. వీధిలో వినిపించే చప్పుళ్ళను బట్టి ఎవరు పోతున్నారో చెబుతూ ఉంటుంది. చాలాసార్లు తప్పే చెబుతుంది.

“ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటే ఇదేనే” అని నవ్వేది అక్క. “ఊరందరి ఇళ్ళూ సర్దుతావు. నాకో కిటికీ సర్దలేవు.”

మొన్న డాక్టరు గాలీ వెలుతురూ తగలాలన్నాడు. అది ఊరికే చెప్పే మాట కాదని ఆయన ముఖమే చెప్పింది. అక్కకు మిగిలిన రోజులు ఎన్నో లేవు. ఆ కొన్నీ కిటికీ దగ్గర గడవాలి. అక్క అడిగింది అదొక్కటే. సర్దుళ్ళావిడ పాత సామాన్ల బండివాడికి కబురు పెట్టింది. ఇవాళ మధ్యాహ్నం వస్తానన్నాడు.

పొద్దున బయల్దేరుతుంటే అక్క అప్పటికే తల దువ్వుకుని కూర్చుంది.

“మధ్యాహ్నానికల్లా వచ్చేస్తావుగా?”

“వచ్చేస్తాను అక్కా. ఒక పూట పనే.”

“ఎదురింటి పిల్ల ఎంత ఎదిగిందో చూడాలే. దాని గౌన్లన్నీ నేనే కుట్టాను.”

తాళాల తాత భోజనానికి లేచినప్పుడు ఆమె వరండాలోకి వచ్చి ఫోన్లు మొదలుపెట్టింది. బండివాడికి ఇచ్చేముందు సొంతదారుల నోటి మాట కావాలి కదా. మొదటి ఇద్దరూ ఎత్తలేదు. మూడో ఆవిడ ఎత్తింది.

“ఏ పెట్టెండీ?”

“మీ వారి సామాన్లు తీసినప్పుడు మీరే టేపు అంటించి ఇచ్చారండి.”

“అందులో ఏముంది?”

“నాకు తెలీదండి. నేను విప్పను.”

“నాకూ గుర్తు లేదండీ.”

“అయితే పడేయమంటారా?”

“అయ్యో, అలా ఎలా అంటాం? ఉంచండి, వీలు చూసుకుని వస్తాను.”

తర్వాత ఎత్తినవాళ్ళు కూడా మాటలు మార్చి అదే అన్నారు. తెచ్చుకోరు, వదులుకోరు. గడ్డివాములో కుక్క సామెత అక్కడ అచ్చంగా సరిపోతుంది గాని, ఆమెకు ఎవరి మీదా కోపం రాలేదు. ఆ పెట్టెల్లో ఏముందో వాళ్ళకు గుర్తు లేకపోయినా, అవి పోతే ఏదో పోతుందని మాత్రం వాళ్ళకు గట్టిగా తెలుసు. ఆమెకు మరీ బాగా తెలుసు. నిజం చెప్పాలంటే ఆ ముందుగది అంటే ఆమెకు భయం. బండివాడు పెట్టెలెత్తుతుంటే ఎవరో ఒకరు వీధి చివరిదాకా పరుగెత్తుకొస్తారని భయం. అందుకే పని ముగించి ఇంటికి పోవాల్సిన వేళ, ఫోను సంచిలో వేసుకుని మళ్ళీ తాళాల తాత మంచం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది.

ఆయన భార్య కళ్ళజోడు దగ్గర పని ఆగిపోయింది. కాడకు దారం చుట్టి ఉంది. ఆయన దాన్ని తన ముక్కు మీద పెట్టుకుని గదంతా చూశాడు.

“ఏమీ కనబడటం లేదు” అన్నాడు. “దీంతో నన్నెలా చూసేదో ఏమో.”

కూతురు గుమ్మంలోకి వచ్చింది. “నాన్నా, అది నీకెందుకు చెప్పు. ఏవండీ, మీరే పారేయండి. ఆయన తెమలడు.”

“ఆయన చెప్పాలండి” అంది సర్దుళ్ళావిడ.

ఆయన ఆ కళ్ళజోడు పెట్టుకునే కూర్చున్నాడు. ఎండ గోడ మీదికి ఎక్కి, కిందికి జారింది. ఆమె రెండుసార్లు లేవబోయి కూర్చుంది. చివరికి ఆయనే అడిగాడు, పిల్లవాడు అడిగినట్టు. “నీ దగ్గర ఉంచుతావటగా? అందరూ అంటారు.”

వద్దు, ఇవాళ ఉన్నవే తీసేస్తున్నాను అని చెప్పాలి. మా అక్కకు కిటికీ కావాలి అని చెప్పాలి. నాలుక చివరిదాకా వచ్చింది.

“ఉంచుతాను బాబాయ్ గారూ.”

కళ్ళజోడు, తాళంచెవులన్నీ ఒక పెట్టెలోకి వెళ్ళాయి. టేపు ఆయనే అంటించాడు. వంకరగా పడింది. ఆమె పైన ‘రేపు’ అని రాసింది.

పెట్టె చంకనపెట్టుకుని ఆమె తన వీధి మలుపు తిరిగేసరికి సాయంత్రమైంది. అడుగడుగుకీ లోపల తాళంచెవులు గలగలమంటున్నాయి. మెట్ల దగ్గర కింది వాటా ఆవిడ నిలబడి ఉంది. ఆమె వెనక ఇంకో నలుగురు. వాళ్ళు పక్కకు జరిగి దారి ఇచ్చిన తీరులోనే ఆమెకు అర్థమైంది. అయినా అడిగింది.

“ఏమైంది?”

“నీకు ఎన్నిసార్లు ఫోన్ చేశానో వదినా.”

ఫోను సంచిలో, మెత్త కింద ఉంది.

“పాత సామాన్ల బండివాడు వచ్చి కేకేస్తూ నిలబడ్డాడు. ఎంతకీ ఎవరూ పలక్కపోయేసరికి బండి తిప్పుకుంటున్నాడు. అప్పుడు మీ అక్క పైన కిటికీలో కనిపించింది. ఎలా వచ్చిందో, ఆ పెట్టెల్లోంచి ఎలా దూరిందో. ‘ఉండు నాయనా, వెళ్ళకు, మా చిన్ని వచ్చేస్తోంది’ అంది. నన్ను చూసి చెయ్యి కూడా ఊపింది. ఎన్నాళ్ళకు కనిపించావు అని నేను కూడా ఊపాను.” ఆవిడ ముక్కు తుడుచుకుంది. “వాడు కాసేపు ఆగి వెళ్ళిపోయాడు. ఆవిడ అలాగే కూర్చుని ఉంది. వీధి చూసుకుంటోంది గదా అనుకున్నాను. చీపురు పట్టుకుని మళ్ళీ బయటికొచ్చినా అలాగే ఉంది.”

సర్దుళ్ళావిడ చంకలోని పెట్టెను మెట్ల కింద దించి పైకి వెళ్ళింది. గుమ్మం నుంచి కిటికీ దాకా పెట్టెల మధ్య సన్నటి సందు ఉంది. మనిషి పక్కకు తిరిగితే తప్ప పట్టదు. ఉబ్బిన కాళ్ళతో, గోడ పట్టుకుంటే తప్ప నడవలేని మనిషి అందులోంచి వెళ్ళింది. కిటికీ రెక్క ఒకటి తెరిచి ఉంది. అక్క తల ఊచకు ఆని ఉంది. దువ్విన జుట్టు చెదరలేదు. ఆమె అక్క భుజం మీద చెయ్యి వేసి, “వచ్చాను అక్కా” అంది.

అక్కను బయటికి తేవాలంటే ఆ సందు చాలదు. ఇరుగుపొరుగు మగవాళ్ళు చేతులు వేశారు. ఎవరి పెట్టె, ఏం చెయ్యాలి అని ఎవరూ అడగలేదు. ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి, మెట్ల మీంచి వీధిలోకి పోయాయి. కొన్నింటి అడుగు ఊడి చొక్కాలు, ఫోటోలు, ఒక బొమ్మగుర్రం మెట్ల మీద పడ్డాయి. ఎవరో కాలితో పక్కకు నెట్టారు. ఎవరూ పరుగెత్తుకు రాలేదు. ఇన్నేళ్ళు రేపు రేపు అన్న పని, టీ కాచి తాగేంత సేపట్లో అయిపోయింది. గోడలు ఇంత తెల్లగా ఉండేవని ఆమె మరిచిపోయింది.

అక్కను తీసుకెళ్ళి వీధిగుమ్మంలో పడుకోబెట్టారు. ఖాళీ గదిలోకి సాయంకాలపు వెలుతురు నిండా వచ్చింది. ఎదురింటి గుమ్మంలో ఒక పిల్ల నిలబడి ఇటే చూస్తోంది. బాగా ఎదిగింది.

“ఇదొక్కటే మిగిలిందమ్మా” అన్నాడు వెనక నిలబడ్డ పక్కింటి వడ్రంగి. “ఇదీ తీసేద్దామా?”

ఆ ప్రశ్న ఆమె ఎంతమందిని అడిగిందో. ఆమె వెళ్ళి కిటికీ రెండో రెక్క కూడా తెరిచింది. అతను కాసేపు చూసి దిగిపోయాడు.

కిటికీ కింద ఆ అట్టపెట్టె అలాగే ఉంది. ఎవరిదో, లోపల ఏముందో తెలియదు. పైన ‘రేపు’ అని ఆమె రాసిన చోట, అక్క కూర్చున్నంత మేరా అట్ట లోపలికి కుంగి ఉంది.