పెరుగన్నం తినని ప్రయాణం

నాలుగు గిన్నెల కేరియరును బూడిదతో తోముతుండగా దేవకుమారికి భర్త మాట వినిపించింది.

"ఆ కుక్కకి కూడా నువ్వే ఏదో నేర్పెయ్యవే. ఇంట్లో ఖాళీగానేగా ఉంటావు."

నాంచారయ్య రేపల్లెలో బియ్యం మిల్లు ఇంజను డ్రైవరు. డెబ్భై ఏడు నవంబరు ఉప్పెన తరవాత బాపట్లలో సహాయశిబిరం నడపడానికి జర్మనీ నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. నీళ్ళలో కొట్టుకొచ్చిన పూరికప్పు మీద వణుకుతూ కనిపించిన కుక్కను చేరదీసి, చుక్క అని పేరు పెట్టుకుంది. ఫిబ్రవరి చివర మద్రాసులో విమానమెక్కి వెళ్ళేటప్పుడు దాన్ని వెంట తీసుకువెళ్ళాలనుకుంది. కానీ పెద్ద చప్పుడు వింటే చాలు, చుక్క పిచ్చెత్తినట్టు అరిచేది. పెట్టెలో గంటలకొద్దీ నిమ్మళంగా ఉండగలిగితేనే విమానం. లేకపోతే మళ్ళీ వీధి. శిబిరం జనరేటరు బాగుచేసిన ఇంజన్ల మనిషి కదా అని డాక్టరమ్మ నాంచారయ్యను అడిగితే, "ఓ, ఎంత పని!" అన్నాడు. కుక్క వాళ్ళింటికి వచ్చింది, ఆ ఎంత పనీ దేవకుమారి మీద పడింది.

"రెండు తగిలించు, అదే నోరు మూసుకుంటుంది," అంది అత్త వెంకటసుబ్బులు.

నోరు మూసుకోవడమంటే ఏమిటో దేవకుమారికి తెలుసు. ఎనిమిదేళ్ళుగా కూరలో ఉప్పు ఎక్కువైందన్నా, తక్కువైందన్నా, మీ పుట్టింట్లో ఇదేనా నేర్పిందన్నా ఆమె జవాబు ఒక్కటే: దించిన తల, బిగబట్టిన ఊపిరి. చూసేవాళ్ళకు అది శాంతంలా కనిపిస్తుంది. మా కోడలు నెమ్మదస్తురాలని వీధిలో చెప్పుకుంటారు. భయం నేర్పిన మౌనం వేరు, నిమ్మళం వేరు. మొదటిది తనకు బాగా వచ్చు. రెండోది తనకెవరూ ఇవ్వలేదు. దాన్నే ఈ మూగజీవానికి ఇవ్వాలనుకుంది.

మందులు వచ్చిన చెక్కపెట్టెకు గాలి కోసం కన్నాలు పెట్టించి, లోపల తన పాత చీర పరిచింది. మొదటివారం తలుపు తెరిచే ఉంచి, అన్నం మాత్రం లోపల పెట్టింది. రెండోవారం తలుపు మూసి, పది ఊపిరులు లెక్కపెట్టి, అది అరవకముందే తెరిచింది. పది ఇరవై అయింది, ఇరవై వంద అయింది. మధ్యాహ్నం కేరియరుతోపాటు చుక్కనూ మిల్లుకు నడిపించింది. ఇంజను హోరుకు మొదట వంద గజాల దూరాన, తరవాత యాభై, చివరకు గోడ పక్కనే దాన్ని కూర్చోబెట్టింది. ఇంజను అందుకున్నప్పుడల్లా ఒక ఎండుచేప ముక్క పెట్టేది. "మోతొస్తే నీకు మంచే జరుగుతుందే పిచ్చిదానా, భయమెందుకు?" అనేది. ఒకసారి అన్నం తిన్నాక ఒంటెద్దు బండి ఎక్కిస్తే చుక్క కక్కుకుంది. అప్పటినుంచి ప్రయాణానికి కడుపు ఖాళీగా ఉంచడం కూడా పాఠంలో చేరింది.

తనను మాత్రం పద్దెనిమిదో ఏట పెళ్ళిపందిట్లోంచి నేరుగా తెచ్చి తలుపు వేశారు.

ఆదివారం రైల్లో బాపట్ల శిబిరానికి తీసుకురమ్మని, నిమ్మళంగా వస్తేనే టికెట్టు కొంటానని డాక్టరమ్మ కబురు చేసింది. నాంచారయ్య ఇస్త్రీచొక్కా తొడిగాడు.

"నేనూ వస్తానండి, నా గొంతు వింటే..."

"కుక్కతో గార్డు పెట్టెలో ఆడదానివి నువ్వెక్కడ కూర్చుంటావే? మిల్లులో ఇరవై గుర్రాల ఇంజను ఆడించేవాణ్ణి, కుక్కని ఆడించలేనా?"

ఈలోగా వెంకటసుబ్బులు చుక్క ముందు సత్తుగిన్నె నిండా పెరుగన్నం పెట్టేసింది.

"అయ్యో అత్తయ్యా, ఇవాళ దానికేం పెట్టకూడదండి!"

"చాల్లే. పెరుగన్నం తినకుండా గడప దాటితే పోయిన పని అవుతుందా? దానికీ శుభం కావద్దూ?"

ఆ శుభమంతా తెనాలిలో బండి మారేలోపే బయటికొచ్చింది. చుక్క కక్కుకుని ఏడ్చింది. నాంచారయ్య పెట్టెను కర్రతో బాదాడు. అది ఇంకా అరిచింది. బాపట్ల ముఖమైనా చూడకుండా సాయంత్రానికి వెనక్కొచ్చి పెట్టెను వసారాలో పడేశాడు.

"నువ్వు నేర్పిన చదువు ఇలా ఏడ్చింది. రేపు వీధిలో వదిలెయ్."

దేవకుమారి పెట్టె తలుపు తీసింది. చుక్క బయటికి రాలేదు. తల దించి, ఊపిరి బిగబట్టి మూలకు ఒదిగింది. ఆ తీరు ఆమెకు చాలా బాగా తెలుసు. ఎనిమిదేళ్ళ నెమ్మదితనం ఆ క్షణాన ఆమెను వదిలిపోయింది.

సోమవారం పొద్దున ఆమె కేరియరు తోమలేదు. చుక్కకు అన్నం పెట్టలేదు, తనూ తినలేదు. రిక్షాలో పెట్టె వేసుకుని స్టేషనుకు బయలుదేరింది. "ఎక్కడికే?" అని వెనకనుంచి అత్త కేకేసింది. "బాపట్లకండి," అంది, ఆగకుండా. డాక్టరమ్మ కబురు తెచ్చి ఊళ్ళోనే ఆగిన శిబిరం నర్సు జ్ఞానమ్మ తోడొచ్చింది. గార్డు సణిగాడు. "పెట్టె పక్కనే కూర్చుంటాను బాబాయ్, మీ పనికి అడ్డు రాను," అంటే ఒప్పుకున్నాడు. తెనాలి దాకా ఆమె చుక్కతో మాట్లాడుతూనే ఉంది. తెనాలి దాటాక మాట అవసరం లేకపోయింది. చుక్క చీరలో మూతి దూర్చి నిద్రపోయింది.

బాపట్ల శిబిరంలో డాక్టరమ్మ పెట్టెను జనరేటరు పక్కనే పెట్టించింది. నేల అదురుతోంది. పావుగంట, అరగంట, గంట. కన్నంలోంచి చూస్తే చుక్క ఒక చెవి మాత్రం కదిపింది. డాక్టరమ్మ కళ్ళు చెమర్చాయి. నాంచారయ్యగారికి ధన్యవాదాలు చెప్పమంది.

"నేర్పింది నేనండి," అంది దేవకుమారి. ఆ మాటకు ఆమె తల దించలేదు.

డాక్టరమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. మద్రాసు దాకా రమ్మంది. శిబిరంలో ఇంకో డాక్టరు చేరదీసిన రెండు కుక్కలున్నాయని, వాటికీ నేర్పుతావా అని అడిగింది.

"పెట్టెలు మా ఇంటికి పంపండి. మాట మాత్రం నాతోనే మాట్లాడండి."

బుధవారం మద్రాసు మీనంబాకం విమానాశ్రయంలో కూలీ పెట్టెకు చెవి ఆనించి, తట్టి చూసి, లోపల ఏమైనా ఉందా అసలని అడిగాడు. విమానం ఊరంతా వినబడేలా గర్జించి, పరుగెత్తి, నేలను వదిలింది. కంచె ఇవతల దేవకుమారి గుండెనిండా ఊపిరి పీల్చుకుని, తీరిగ్గా వదిలింది.

"ఇంటికెళ్ళి మీ అత్తకి ఏం చెప్తావే?" అంది జ్ఞానమ్మ, నవ్వు ఆపుకుంటూ.

"చెప్తానక్కా. పెరుగన్నం తినకుండానే చుక్కా నేనూ ఇద్దరం గడప దాటామని."