గిన్నె మీద పేరు

కిందటేడు ఆగస్టు ఇరవై ఏడు, బుధవారం, వినాయక చవితి. ఆ రోజు నేను తిన్నవి గట్టిపడిపోయిన ఉండ్రాళ్లు, పల్చనైపోయిన పాలతాలికలు, పై అంతస్తు మంజూష పంపిన పులిహోర. పులిహోర తప్ప మిగతావి నా చేతి వంటే. రవ్వకు ఎన్ని నీళ్లు పోయాలో నా భార్య అరుణ చేతికి తెలుసు. నేను పుస్తకాలు చదువుకున్నాను గానీ ఆ చెయ్యి చూసి నేర్చుకోలేదు.

ఎదురు ఫ్లాట్‌లోకి అప్పటికి మూడు వారాల క్రితం హెల్మి అనే అమ్మాయి వచ్చింది. ఫిన్లాండ్ దేశం. ఇరవై ఆరేళ్లుంటాయి. రాయదుర్గం అవతల ఒక ఇంటర్నేషనల్ స్కూల్లో మూడో తరగతి పిల్లలకు టీచరు. మా అపార్ట్‌మెంట్ అమీర్‌పేట మెట్రోకు, పంజగుట్ట చౌరస్తాకు నడుమ సందులో ఉంది కాబట్టి రోజూ రైలెక్కి పోవచ్చని స్కూలువాళ్లే ఇక్కడ ఇల్లు చూసిపెట్టారు. పొద్దున్నే వెళ్లి చీకటి పడే వేళకు వచ్చేది. రాగానే తలుపు పడేది, లోపల గొలుసు బిగించిన చప్పుడు వినిపించేది.

పండగపూట ఒక్కతే ఉందని నాలుగు ఉండ్రాళ్లు గిన్నెలో వేసి ఇచ్చి వచ్చాను. ఆ అమ్మాయి రెండు చేతులతో అందుకుని, తల వంచి థాంక్స్ చెప్పి తలుపు వేసుకుంది. గొలుసు చప్పుడయ్యాక గానీ నాకు తెలియలేదు, ఏ గిన్నెలో ఇచ్చానో.

అది అరుణ గిన్నె. పెళ్లిలో వాళ్లమ్మ తెనాలిలో కొని, అంచు మీద చుక్కలు చుక్కలుగా ‘అరుణాదేవి’ అని పేరు కొట్టించి ఇచ్చింది. చివరి నెలల్లో ఏదీ సయించనప్పుడు అరుణ అందులోనే ఇంత పెరుగన్నం తినేది. ఆమె పోయాక అప్పటికి రెండేళ్లుగా దాన్ని వాడకుండా వేరే పెట్టుకున్నాను. పండగని గిన్నెలన్నీ కడిగి బోర్లించినప్పుడు మిగతావాటిలో కలిసిపోయింది.

రేపో మాపో తిరిగి వస్తుందనుకున్నాను. రాలేదు.

మిలాదున్నబీకి కింది ఇంటి వజీరున్నీసా గారు ఆ అమ్మాయికి ఖుబానీ మీఠా పంపారు. మంజూష ఏ కొత్త వంట చేసినా పంపేది. నేను దసరాకు గారెలు ఒక స్టీలు డబ్బాలో పెట్టి ఇచ్చాను. డబ్బా తిరిగిచ్చేటప్పుడు గిన్నె కూడా గుర్తొస్తుందని నా ఎత్తు. ఆ అమ్మాయి నవ్వి, గారె వాసన చూసి, మళ్లీ నవ్వి డబ్బాతో సహా లోపలికి పోయింది. గిన్నెకు తోడు డబ్బా కూడా పోయింది.

ఒకరోజు లిఫ్ట్ దగ్గర ముగ్గురం కలిశాం.

“ప్రసాద్ భాయ్, గా పిల్లకు నావి మూడు గిన్నెలు పోయినయ్. ఒక్కటి సుత వాపస్ రాలే,” అన్నారు వజీరున్నీసా గారు.

“అన్నీ పోగేసుకుని వాళ్ల ఊళ్లో స్టీలు సామాన్ల కొట్టు పెడుతుందేమో ఆంటీ,” అంది మంజూష. “మీదేం పోయింది బాబాయిగారూ?”

ఒక డబ్బా అన్నాను. గిన్నె సంగతి చెప్పలేదు. అది అరుణదని తెలిస్తే ఇద్దరూ అప్పటికప్పుడే వెళ్లి తలుపు తట్టేవాళ్లు, అది ఆ పిల్లకు చిన్నతనం. పెట్టిన చేత్తో ఎవరి గిన్నె వాళ్లు అడగడం మాలో ఎవరికీ రాదు. అడగడం చేతగాక పెట్టడం మానేశారు. అంతకుముందు మెట్ల మీద కనిపిస్తే ఆగి మాట్లాడేవాళ్లు, ఆ తర్వాత తలూపి వెళ్లిపోసాగారు.

దీపావళికి ముందు శనివారం సాయంత్రం అమీర్‌పేటలో వాన పట్టుకుంది. మందుల షాపు నుంచి వస్తూ చూస్తే హెల్మి స్టేషను మెట్ల కింద, కోచింగ్ సెంటర్ల పిల్లల గుంపులో ఇరుక్కుని రోడ్డు దాటలేక నిలబడి ఉంది. నా గొడుగులోకి రమ్మని, పక్కనున్న టిఫిన్ సెంటర్‌కు తీసుకెళ్లాను. కాఫీ ఒక్క గుక్క తాగి కళ్లు మూసుకుంది. హైదరాబాదులో తనకు మొదటి రోజు నుంచీ నచ్చింది ఇదొక్కటేనంది. మేం మాట్లాడుకునేది ఇంగ్లీషులోనే. మా ఇద్దరిలో ఎవరికీ అది సొంత భాష కాదు కాబట్టి నిదానంగా, ఒకరి కోసం ఒకరు ఆగుతూ మాట్లాడుకునేవాళ్లం.

డిసెంబరుతో మొదటి టర్మ్ అయిపోతుందట. ఆ తర్వాత ఉంటుందో లేదో ఈ నెలాఖరులోగా స్కూలుకు చెప్పాలట. వెళ్లిపోదామనే అనుకుంటోంది. పిల్లలతో ఇబ్బంది లేదంది. ట్రాఫిక్, కారం అలవాటయ్యాయంది.

“మొదట్లో మన బిల్డింగులో అందరూ ఎంతో ప్రేమగా ఉన్నారు. ఇప్పుడు ఎవరూ మాట్లాడరు. నేనేదో తప్పు చేశాను, ప్రసాద్ గారూ. అదేమిటో ఎవరూ చెప్పరు.”

నాకు తెలుసు. కానీ చెప్పడమంటే నా గిన్నె నేను అడుక్కోవడమే. చెప్పకపోతే మాత్రం ఈ పిల్ల తన తప్పేమిటో తెలియకుండానే విమానం ఎక్కుతుంది. సామాన్లు సర్దుకునేటప్పుడు బరువని వదిలేసిన వాటితో పాటు అరుణ పేరు ఏ పాత సామాన్ల బండి మీదో వెళ్లిపోతుంది. నా కాఫీ గ్లాసు పక్కకు జరిపి, అప్పుడు చెప్పాను.

“తప్పు కాదమ్మా. ఇక్కడ తినేదే ఇస్తారు. గిన్నె తిరిగి వెళ్లాలి. ఉత్తదిగా కాకుండా అందులో ఏదో ఒకటి వేసి. చెంచాడు చక్కెరైనా సరే.”

ఆ అమ్మాయి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. చెవులు ఎర్రబడ్డాయి. గిన్నెలన్నీ తోమి కిటికీ దగ్గర అరలో వరసగా పెట్టుకుందట. ఈ ఊళ్లో మిఠాయితో పాటు గిన్నె కూడా కానుకగా ఇస్తారని వాళ్లమ్మకు ఫోటో పంపిందట. వాళ్లమ్మ అది చూసి మురిసిపోయిందట. నాకు నవ్వాగలేదు. కాసేపటికి ఆమె కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

“ఇప్పుడు ఏది ఎవరిదో ఎలా తెలుస్తుంది?”

అంచుల మీద పేర్లు ఉంటాయని చెప్పాను. చదివిపెడతాననలేదు. చదవడం మొదలుపెడితే ఒక పేరు నేనే పైకి అనాల్సి వస్తుంది.

దీపావళి అయిన వారం ఎదురింట్లోంచి ఏలకుల వాసన, దాని వెనకే మాడు వాసన వచ్చాయి. తర్వాత ఆ తలుపు తెరుచుకుంది. మెట్ల మీద అడుగులు, తలుపు గంటలు, మాటలు. కింద నుంచి వజీరున్నీసా గారి గొంతు పైదాకా వినబడింది: “జర మాడింది గాని మస్తుగుంది బిడ్డా. ఇంకోసారి మా ఇంట్ల చెయ్యి, నేను చూస్త పొయ్యి సంగతి.”

చివరికి నా తలుపు దగ్గరికి వచ్చింది. ముందు నా డబ్బా ఇచ్చింది. అందులో వాళ్ల ఊళ్లో కాఫీతో తినే తీపి రొట్టెలు ఉన్నాయి. అంత చలిదేశంలో వాటిలో ఏలకులు వేస్తారంటే నమ్మలేకపోయాను. ఓవెన్ లేక పెనం మీద మూతపెట్టి కాల్చిందట. పేర్లు ఎవరు చదివారని అడిగితే తన తరగతి పిల్లలంది. ఫోటోలు చూపిస్తే బోర్డు మీద అక్షరాలు రాసి, తను తప్పు పలికినప్పుడల్లా మళ్లీ అనమని తన చేత అనిపించారట.

“ఒక్కటి మిగిలింది. అందరినీ అడిగాను. ఎవరూ చెప్పలేదు. మిమ్మల్ని అడగమన్నారు.” చేతిసంచిలోంచి గిన్నె తీసి, అంచు మీద వేలు పెట్టి చదివింది. “అ-రు-ణా-దే-వి. ఆమె ఏ ఇంట్లో ఉంటారు? ఆమెకు థాంక్స్ చెప్పాలి.”

దీర్ఘాలన్నీ సరిగ్గా పలికింది. ఆ పేరు ఈ గుమ్మంలో ఎవరైనా పైకి అని చాలాకాలమైంది. చుట్టాలు కూడా నా ముందు ‘ఆవిడ’ అనే అంటారు.

“ఈ ఇంట్లోనే ఉండేదమ్మా,” అన్నాను. “నా భార్య.”

నా భుజం మీదుగా గోడ మీది ఫోటో చూసింది. గిన్నె రెండు చేతులతో నా చేతిలో పెట్టింది. అడుగున ఒక రొట్టె ఉంది. అన్నిటిలోకి మాడనిది.

సాయంత్రం చాలాసేపు గిన్నెను బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. రొట్టె తిన్నాను. గిన్నె కడిగి, వేరే పెట్టే చోటు దాకా తీసుకెళ్లాను. అక్కడ నిలబడితే, అరుణ ఉన్న రోజుల్లో అది ఎన్నడూ ఒకచోట ఉండేది కాదని గుర్తొచ్చింది. పచ్చడితోనో పాయసంతోనో ఎవరింట్లోనో ఉండేది. వెనక్కి వచ్చి అన్నంలో పాలు, పెరుగు కలిపి, అల్లం, కరివేపాకు తాలింపు పెట్టి ఆ గిన్నెలోకి తీశాను. ఈసారి అన్నీ కుదిరాయి.

తలుపు తీసిన హెల్మి గిన్నె చూసి, పేరు చూసి, నా మొహం చూసింది.

“ఇది మళ్లీ తిరిగి ఇవ్వాలి కదా?”

“ఇవ్వాలి. తొందరేం లేదు.”

కాస్త ఆలోచించింది. “జనవరిలో ఇస్తే ఫరవాలేదా?”

“ఫరవాలేదమ్మా.”

నేను నా గుమ్మం చేరేదాకా అక్కడే నిలబడి ఉంది. తర్వాత గిన్నె ఒక చేతిలోకి మార్చుకుని, రెండో చేత్తో మెల్లగా తలుపు దగ్గరకు వేసింది. గొలుసు చప్పుడు వినిపించలేదు.