పన్నెండు పాయింట్ల వెలితి

బడికీ ఆసుపత్రికీ వ్యాను నడిపే హక్కును ట్రిప్పుల లెక్కన పాటపెట్టే మునిసిపల్ ఆఫీసులో, కొత్త వేలానికి అది మూడో పరీక్ష. ఇదీ చెడితే ట్రిప్పులను విడివిడిగా అమ్మే పాత పద్ధతే మేలని పెద్దసారు ముందే తేల్చేశారు. కొత్త వేలాన్ని రూపొందించిన లెక్కలావిడకు పొద్దుటి నుంచీ కాలూ చెయ్యీ ఆడటం లేదు.

పాత పద్ధతి చేసిన నిర్వాకం ఆవిడకు తెలుసు. కిందటేడు ఒక వ్యానతనికి పిల్లల్ని బడికి దింపే ట్రిప్పు దక్కింది. తిరిగి తెచ్చేది ఇంకొకరి పాలైంది. ఈ ఏడూ అంతే అయితే అతను వ్యాను అమ్ముకోవాలి. అందుకే రానూపోనూ ఒకే మూటగా అడిగే వీలు పెట్టింది ఆవిడ. వస్తే రెండూ వస్తాయి, లేకపోతే ఏదీ రాదు.

పరీక్షకు అతన్నే పిలిచింది. ఆసుపత్రి ట్రిప్పులు అడిగే అతని బావనూ పిలిచింది. ఒకే ఇంట్లో పైనా కిందా ఉండే మనుషులను మాట్లాడుకోకుండా చెరో మూల గోడకేసి కూర్చోబెట్టింది. పెద్ద కంపెనీ బడివి రెండూ ఆసుపత్రివి రెండూ, నాలుగు ట్రిప్పులూ కలిపి, పరీక్షలో డబ్బుకు బదులు వాడే పాయింట్లలో వందకు అడిగింది. ఇద్దరివీ కలిపి ఆ వందకు చేరితే వీళ్లదే గెలుపు. వీళ్లు చెరో నలభై నాలుగు దగ్గర ఆగిపోయి, మళ్లీ ఓడారు.

"ఎందుకు పెంచలేదండీ?"

"బావ పెంచుతాడు కదా అని," అన్నాడు బావమరిది.

"వీడే పెంచుతాడనుకున్నా. ఇంట్లో చెత్తడబ్బా బయట పెట్టడానికీ మాది ఇదే వరస," అన్నాడు బావ.

ఆవిడకు సిగ్గేసింది. ఓడారని చెప్పింది గానీ, ఎంతలో ఓడారో చెప్పనేలేదు. తప్పు తనది.

"ఇంకొక్కసారి, సార్," అని పెద్దసారును బతిమాలి, తెరమీద ఒక్క వాక్యం చేర్చింది: మీ ఇద్దరివీ కలిపి ఇంకా పన్నెండు తక్కువ.

చెరో ఆరూ పెంచుతారనుకుంది. తెర మీద రెండు చోట్లా యాభై ఆరు కనిపించింది. కంపెనీ ఓడింది.

"చెరో ఆరు సరిపోయేవి కదండీ," అంది నవ్వుతూ.

"వాడి పిల్లలు చిన్నవాళ్లమ్మా. వాడి మీదెందుకు వెయ్యడం," అన్నాడు బావ.

బావమరిది గోడకేసే తిరిగి చేత్తో కళ్లు తుడుచుకున్నాడు. పెద్దసారు కాగితం దగ్గరకు లాక్కుని కొత్త పద్ధతి కింద సంతకం చేశారు.

లెక్కలావిడకు ఎన్నాళ్లకో ప్రాణం తెరిపిన పడింది. కలం తీసి, నియమాల చివర ఇంకొకటి రాసింది: గెలవడానికి కావలసినంతే తీసుకుని, మిగిలింది ఇద్దరికీ వెనక్కి ఇవ్వాలి.