మేస్త్రి వద్దన్న గోడ

ఆదివారం పొద్దున మేస్త్రి వచ్చేసరికి లెక్చరర్‌గారు పేపరు చదువుకుంటున్నారు. తల ఎత్తకుండానే వంటింటి వైపు చెయ్యి చూపించి, వెళ్ళి చూడమన్నారు. హాల్లో నాలుగు కుర్చీలు ఖాళీగా ఉన్నా మేస్త్రిని కూర్చోమని ఎవరూ అనలేదు. అతనూ ఆ మాట కోసం ఎదురుచూడలేదు. ఇలాంటివి మన ఇళ్ళల్లో రోజూ జరిగేవే, మన కంటికి ఆనవు. ఈ కథ అక్కడే మొదలైంది కాబట్టి చెప్పాల్సి వచ్చింది.

లెక్చరర్‌గారు కాలేజీలో ఫిజిక్సు చెబుతారు. మంచి మనిషని పేరు. కోపం వచ్చినా గొంతు పెంచరు, ఒకరి జోలికి పోరు. మూడంతస్తుల పాత భవనంలో కింది ఇల్లు వాళ్ళది. వంటిల్లు మరీ ఇరుకు. పొయ్యి దగ్గర ఒకరు నిలబడితే రెండో మనిషి పక్కకి తిరిగి వెళ్ళాల్సిందే. హాలుకీ వంటింటికీ మధ్య గోడ తీసేస్తే కాస్త గాలీ వెలుతురూ వస్తాయనీ, వంట చేసుకుంటూ నలుగురితో మాట్లాడుకోవచ్చుననీ ఆయన భార్య పదేళ్ళుగా అడుగుతూనే ఉంది. చూద్దాం, చూద్దాం అంటూ ఆయన నెట్టుకొచ్చారు. ఈమధ్య ఆయన తోడల్లుడు తన ఇంట్లో అలాంటి గోడే తీయించి, అందరినీ భోజనానికి పిలిచి, హాలూ వంటిల్లూ ఒకటైపోయిన వైనాన్ని తిప్పి తిప్పి చూపించాడు. ఆ మర్నాడే లెక్చరర్‌గారు మేస్త్రికి కబురు పెట్టారు. భార్య పదేళ్ళ పోరుకు కదలనిది, తోడల్లుడి ఇంట్లో ఒక్క పూట భోజనానికి కదిలింది.

మేస్త్రికి అరవై దాటాయి. ఆ వీధిలో అతని చెయ్యి పడని ఇల్లు తక్కువ. గోడని ముందు వేళ్ళతో, తర్వాత తాపీ పిడితో తట్టి చూశాడు. గుమ్మం దగ్గర దాని మందాన్ని జానతో కొలిచాడు. పై ఇల్లు కూడా ఒకసారి చూడాలని అడిగి, మెట్లెక్కి వెళ్ళి, పావుగంట తర్వాత దిగి వచ్చాడు.

"సార్, ఇది అడ్డుగోడ కాదు, మోసే గోడ" అన్నాడు. "ఈ బిల్డింగుకి పిల్లర్లు లేవు. పై ఇంటి గోడ దీని మీదే కూర్చుంది. దాని మీద ఆ పై ఇంటిది. దీన్ని తీసేస్తే వాళ్ళ కాళ్ళ కింద ఏమీ ఉండదు."

అమ్మగారికి గాలీ వెలుతురూ కావాలంటే ఒక బారెడు కిటికీ పెట్టుకోవచ్చనీ, దానికైనా పైన గట్టి దూలం వేయాలనీ, అదీ ఇంజనీరు వచ్చి చూశాకేననీ చెప్పాడు. గోడ మొత్తం తీయడానికి మాత్రం తను సుత్తి పట్టనన్నాడు.

లెక్చరర్‌గారికి చిన్నతనమనిపించింది. భార్య ముందు, ఒక మేస్త్రి, తనకు బరువు గురించి చెప్పడమా? పేపరు మడిచి పక్కన పెట్టి, స్లాబు బరువును ఎలా పంచుతుందో క్లాసులో చెప్పినట్టే చెప్పారు, మేస్త్రికి తెలియని మాటలు ఏరి ఏరి వాడుతూ. మేస్త్రి తలవంచుకుని మొత్తం విన్నాడు.

"మీ పాఠం నాకు తెలీదు సార్" అన్నాడు చివరికి. "ఈ గోడ తెలుసు."

లెక్చరర్‌గారు నవ్వి, చేతకాకపోతే చేతకాదని చెప్పొచ్చు కదా అన్నారు. మేస్త్రి వస్తానని చెప్పి వెళ్ళిపోయాడు. పొయ్యి మంట తగ్గించి మరీ ఈ మాటలన్నీ విన్న ఇల్లాలు, మళ్ళీ మంట పెంచుకుంది. ఆమెకు కిటికీ సరిపోదు. పదేళ్ళుగా ఆ గోడ వైపు ముఖం పెట్టి నిలబడ్డ మనిషి ఆమె.

తర్వాతి వారం ఎక్కడినుంచో ఇద్దరు మనుషులు యంత్రం పట్టుకొచ్చి, గోడను రెండు రోజుల్లో పొడి పొడి చేసి, మట్టి ఎత్తుకుపోయారు. వాళ్ళ ఊరూ పేరూ ఎవరూ అడగలేదు. ఇంజనీరుకూ చూపించలేదు, భవనం సెక్రటరీకీ చెప్పలేదు. మా ఇంట్లో మా గోడ, ఎవరికి చెప్పాలి అనుకున్నారు లెక్చరర్‌గారు. ఇల్లు వెలుతురుతో నిండిపోయింది. మూడు వారాలపాటు ఇల్లాలు కూరలు తరుగుతూ హాల్లోకి కబుర్లు చెప్పింది. తోడల్లుడు వచ్చి చూసి, మనసులో ఏమనుకున్నాడో గానీ, బాగుందనే అన్నాడు.

పై ఇంట్లో ఒంటరిగా ఉండే ఆవిడ బట్టలు కుట్టి బతుకుతుంది. భవనంలో అందరూ ఆవిడను కుట్టుపని అక్క అనే పిలుస్తారు. కింద ఇల్లు వెలిగిపోతున్న ఆ రోజుల్లోనే ఆవిడ ఇంట్లో దారపు ఉండ కింద పడితే, దానంతటదే దొర్లుకుంటూ గోడ మూలకి పోవడం మొదలుపెట్టింది. పాత ఇల్లు కదా, నేల పల్లమైందేమో అనుకుంది. నాలుగో వారం ఒక మధ్యాహ్నం ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. ఆవిడ లోపలి గదిలోంచి బయటికి రాబోతే తలుపు కదల్లేదు. పైనున్న గోడ కుంగి ద్వారబంధాన్ని నొక్కేసింది. కేకలు వేసింది. ఎవరికీ వినపడకపోయేసరికి కత్తెర తిరగేసి నేల మీద కొట్టడం మొదలుపెట్టింది.

ఆ చప్పుడు కింద ఇల్లాలి నెత్తిమీదే వినిపించింది. ఆమె పరుగెత్తుకెళ్ళి నలుగురినీ పిలుచుకొచ్చింది. తలుపు పగలగొట్టి అక్కను బయటికి తీసేసరికి ఆవిడ ఒళ్ళంతా సున్నప్పొడి. గోడ మీద పైనుంచి కిందిదాకా చెయ్యి దూరేంత పగులు. అదేరోజు ఇంజనీరు వచ్చి, కింద వంటింట్లో ఇనుప గొట్టాలు ఊతంగా నిలబెట్టించి, పై రెండు ఇళ్ళూ ఖాళీ చేయించాడు. అక్క మిషనుని బండి మీద వేసుకుని దూరంగా ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయింది.

మర్నాడు మెట్ల దగ్గర అందరూ చేరారు. ఎవరిని అడిగి తీశారని సెక్రటరీ నిలదీశాడు.

అబద్ధమాడాలని లెక్చరర్‌గారు ముందుగా అనుకోలేదు. అన్ని ముఖాలు తనవైపే చూస్తుంటే, నోరు దానంతటదే ఒక దారి వెతుక్కుంది.

"మేస్త్రి వచ్చి చూశాడు కదా. ఏమీ కాదన్నాడు" అన్నారు.

ఎవరికీ అనుమానం రాలేదు. ఆ ఆదివారం మేస్త్రి రావడం అందరూ చూశారు. పై ఇంటికి వెళ్ళి గోడ తట్టడం అక్కే స్వయంగా చూసింది. వద్దన్న మనిషి నోట్లో సరేనన్న మాట పెట్టడానికి అంతకంటే ఏం కావాలి? చదువూ సంధ్యా లేనివాళ్ళ మాట పట్టుకుంటే ఇంతేనని ఒకరన్నారు. పాపం, లెక్చరర్‌గారు మాత్రం ఏం చేస్తారని ఇంకొకరు జాలిపడ్డారు. ఆ మేస్త్రిని ఇకపై ఏ పనికీ లోపలికి రానివ్వకూడదని సెక్రటరీ కాగితం రాసి మెట్ల కింద అంటించాడు. వీధి వీధంతా ఆ మాట పాకడానికి రెండు రోజులు పట్టలేదు.

జనం వెనకాల నిలబడి ఇల్లాలు అంతా విన్నది. ఇంటికొచ్చాక ఏమీ అడగలేదు. అన్నం వడ్డించింది, ఆయన తిన్నారు. ఆ తర్వాత పది రోజులు ఆ ఇంట్లో అవసరానికి మించి ఒక్క మాట పుట్టలేదు. మేస్త్రికి ఈ వీధి కాకపోతే ఇంకో వీధిలో పని దొరుకుతుందిలే అని లెక్చరర్‌గారు తనకు తాను చెప్పుకున్నారు. నిజం బయటపడితే కాలేజీలో ముఖం ఎలా చూపించాలన్నది అసలు భయం. మేస్త్రి ఉండే సందు తగలకుండా చుట్టూ తిరిగి కాలేజీకి వెళ్ళడం మొదలుపెట్టారు.

పదకొండో రోజు మధ్యాహ్నం మేస్త్రి గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

గొడవకొచ్చాడనే అనుకున్నారు లెక్చరర్‌గారు. దానికి జవాబులు సిద్ధంగా ఉన్నాయి. మేస్త్రి మాత్రం గొడవపడలేదు. తువ్వాలు రెండు చేతుల్లో నలుపుకుంటూ, ఒక్క మాట అడిగి వెళ్ళిపోతానన్నాడు.

"ఆరోజు నేనేమన్నానో కాస్త గుర్తుచేసుకుని చెప్పండి సార్. వద్దన్నట్టే నాకు గుర్తు. కానీ మీరు చదువుకున్నవారు, వందమందికి చదువు చెప్పేవారు. మీకు అబద్ధమాడే అవసరమేముంది? మా ఇంటిది కూడా అదే అంది. అంటే నాకే మతి తప్పుతోందన్నమాట. నిన్న ఒకచోట దారం కట్టి, కొలిచిందే మూడుసార్లు కొలిచాను. నా కొలత మీద నాకే నమ్మకం పోయింది. ఏ గోడకి తెలియకుండా సరేనంటానో, అది ఎవరి నెత్తిన పడుతుందో అని భయంగా ఉంది. పని మానేద్దామనుకుంటున్నా. మానేముందు మిమ్మల్ని అడిగితే తేలిపోతుందని వచ్చాను."

తిట్టినా, కాలర్ పట్టుకున్నా లెక్చరర్‌గారు తట్టుకునేవారేమో. ఈ మనిషి తనను అనుమానించనైనా లేదు. తన అబద్ధాన్ని నమ్మడం కోసం సొంత బుర్రనే తప్పుపట్టుకుంటున్నాడు. చదివేవారు నమ్మరేమో గానీ, అప్పుడు కూడా ఆయన నిజం చెప్పలేదు.

"పోనీలే మేస్త్రీ, అయ్యిందేదో అయిపోయింది" అన్నారు.

ఆ ఒక్క మాటకి ఆయన ఈనాటికీ సిగ్గుపడతారు. మెట్ల దగ్గర ఆడిన అబద్ధం కంగారులో వచ్చింది. ఇది తెలిసి తెలిసి అన్నది.

ఇనుప గొట్టాల మధ్యలోంచి తప్పుకుంటూ ఇల్లాలు ఇవతలికి వచ్చింది.

"మీ మతికి ఏమీ కాలేదు మేస్త్రిగారూ. మీరు వద్దనే అన్నారు. నేను పొయ్యి దగ్గరే ఉన్నాను, ప్రతి మాటా విన్నాను. ఆరోజూ నోరు మూసుకున్నాను, మొన్న అందరి ముందూ నోరు మూసుకున్నాను. గోడ పోవాలని నాకూ ఉండేది. ఆ తప్పులో నాకూ సగం ఉంది."

మేస్త్రి ఆమెను చూశాడు, తర్వాత లెక్చరర్‌గారిని చూశాడు. ఆయన తల దించుకోవడంతో ఇక అడగాల్సిందేమీ మిగల్లేదు. మేస్త్రి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"అమ్మయ్య" అన్నాడు.

అంతే. కోపంగా ఒక్క మాట అనలేదు. తనకు పిచ్చి పట్టలేదని తెలిసిన సంతోషం తప్ప ఆ ముఖంలో ఇంకేమీ లేదు. వస్తానమ్మా అని చెప్పి, వచ్చినప్పటికంటే కాస్త నిటారుగా నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. ఒక మనిషి చేతిలోంచి పని తీసేయడమొక్కటే తను చేశాననుకున్నారు లెక్చరర్‌గారు. ఆ చేతి మీద అతనికున్న నమ్మకం కూడా లాగేసుకున్నానని ఇప్పుడు తెలిసింది.

ఆ సాయంత్రం ఆయనే సెక్రటరీ ఇంటికి వెళ్ళి మళ్ళీ అందరినీ పిలవమన్నారు. కుట్టుపని అక్కకు కబురు పంపారు. మేస్త్రి ఇంటికి తనే వెళ్ళి, రమ్మని బతిమాలారు. జీవితంలో మొదటిసారి ఆ సందులో అడుగుపెట్టారు, మొదటిసారి అతన్ని 'మీరు' అని పిలిచారు. మేస్త్రికి ఆ పిలుపు ఇబ్బందిగానే ఉన్నట్టుంది.

ఆదివారం మెట్ల దగ్గర ఆయన ఎక్కువ మాట్లాడలేదు. మేస్త్రి గోడ తీయొద్దన్నాడనీ, ఎందుకో వివరంగా చెప్పాడనీ, తను వినలేదనీ, పైగా ఆ నేరం అతని మీదే తోశాననీ చెప్పారు. మాటలయ్యాక ఆ కాగితం తనే చింపబోతే, సెక్రటరీ ఆపి, అంటించింది నేను కదా అని తన చేత్తో తీశాడు. పాపం లెక్చరర్‌గారు అని ఈసారి ఎవరూ అనలేదు.

కుట్టుపని అక్క మాత్రం సూటిగా మాట్లాడింది.

"మీ ఇంట్లో గోడ తీస్తే మా ఇల్లు పగులుతుందని మీకు తెలీకపోవచ్చు. తెలిసినాయన చెప్పాడు కదా? మేస్త్రి ఏమీ కాదన్నాడని విన్నప్పటినుంచీ, ఆ గదిలో తలుపు రాక నేల కొట్టింది గుర్తొచ్చినప్పుడల్లా అతనికి ఎన్ని శాపనార్థాలు పెట్టానో నాకు తెలుసు. అవన్నీ ఇప్పుడు ఎవరికి చెందాలి?"

ఆవిడ రెండున్నర నెలల తర్వాత తిరిగొచ్చింది. ఆలోపు సగంమంది కుట్టించుకునేవాళ్ళు వేరే చోటికి మళ్ళిపోయారు. ఈనాటికీ మెట్ల మీద ఎదురైతే ఆవిడ ఆయన్ని పలకరించదు. పలకరించనందుకు ఆయనా నొచ్చుకోరు.

గోడ మళ్ళీ లేచింది. ఇంజనీరు గీసిచ్చిన ప్రకారం దూలం వేసి, మధ్యలో బారెడు కిటికీ వదిలి, మేస్త్రే కట్టాడు. సెలవు పెట్టి లెక్చరర్‌గారు నాలుగు రోజులూ ఇటుకలు అందించారు. పని పూర్తయిన రోజు ఆయన మేస్త్రి ఎదుట నిలబడి, తనను క్షమించమని అడిగారు. మేస్త్రి చేతులు కడుక్కుని, తుడుచుకుని అన్నాడు.

"పని పోయిందని నాకు బాధ లేదు సార్, ఇంకోటి దొరుకుతుంది. మీరొక మాట మాత్రం మర్చిపోకండి. చదువుకున్న మనిషి అబద్ధం చెబితే, మాలాంటివాళ్ళం మమ్మల్నే అనుమానించుకుంటాం. అందుకని మీలాంటివాళ్ళు నోరు తెరిచేముందు మాకంటే ఎక్కువ భయపడాలి."